ఇనుము గట్టిదే, వయసు రబ్బరుకే

పాతికేళ్లు దాటిన జెట్ స్కీ ఓ పట్టాన స్టార్ట్ కాదు, అయినా స్లోలో నిలబడదు. తప్పు ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్తే...

వేసవిలో ఏ శనివారం పొద్దున్నైనా టెక్సస్‌లోని లూయిస్‌విల్ జలాశయం ఒడ్డున, బోట్లు దించే ర్యాంపు దగ్గర కాసేపు నిలబడితే ఈ తమాషా కనబడుతుంది. ట్రక్కులు ఒక్కొక్కటే రివర్సులో వస్తాయి, వెనక ట్రైలర్ నీళ్లలో మునుగుతుంది, జెట్ స్కీ జారి తేలుతుంది. కొత్త బండ్లు బటన్ నొక్కీ నొక్కగానే అందుకుని వెళ్లిపోతాయి. ఏదో ఒక పాత బండి మాత్రం మొండికేస్తుంది. సెల్ఫు కొడితే ‘టక్’మని ఊరుకుంటుంది. లేదా ఇంజిన్ అందుకుని, గుప్పున పొగ వదిలి, ఆక్సిలేటర్ మీద వేలు సడలించగానే ఆగిపోతుంది. మళ్లీ కొడతారు, మళ్లీ ఆగుతుంది. వెనక వరసలో ఉన్నవాళ్లు హారన్ కొట్టరు. దిగి వచ్చి ‘ఏమైనా సాయం కావాలా’ అని అడుగుతారు. అదింకా ఇబ్బంది.

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పనక్కర్లేదు. ఇల్లు, రెండు కార్లు, పిల్లల కూచిపూడి క్లాసులు ఒక దారిన పడ్డాక కొందరి చూపు నీళ్ల మీదికి పోతుంది. కాస్త పెద్ద జెట్ స్కీ కొత్తది కొనాలంటే పదివేల డాలర్లు దాటుతుంది. అదే 1990ల నాటిదైతే ట్రైలర్‌తో కలిపి వెయ్యికో, రెండు వేలకో దొరుకుతుంది. ‘పోయినేడు బ్రహ్మాండంగా నడిచింది, కార్బురేటర్ కాస్త క్లీన్ చేయించుకుంటే చాలు’ అన్నది అమ్మేవాళ్లందరి పాట. నిజానికి ఆ మాటలో అబద్ధం తక్కువే, దాచింది ఎక్కువ.

కొన్నాక తెలిసే సంగతి మరొకటుంది. చాలాచోట్ల షోరూముల సర్వీసువాళ్లు పదేళ్లు దాటిన బండిని ముట్టుకోరు. వాళ్లను తప్పుపట్టలేం. ఉప్పుకో తడికో పట్టేసిన బోల్టు ఒకటి విప్పబోతే ఇంకోటి విరుగుతుంది. గంట కూలే వంద డాలర్ల పైన ఉన్నచోట బిల్లు బండి ఖరీదును దాటుతుంది. ఆ తర్వాత జరిగే పోట్లాట ఎవరికీ లాభం కాదు. కాబట్టి పాత జెట్ స్కీ కొన్నవాడు సగం మెకానిక్ అయి తీరాలి.

మా బావ అలా అయినవాడే. భీమవరం పక్క పల్లెలో పుట్టి, వాళ్ల నాన్న బజాజ్ చేతక్‌ను రోజూ పక్కకు వంచి స్టార్ట్ చేసిన చేయి. ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్ బండి ఒకటి కొని గరాజ్‌లో పెట్టుకున్నాడు. అది చోక్ లాగితే అందుకునేది, చోక్ వదిలితే పోయేది. “ఇంజిన్ పోయిందంటావా బావా?” అని నేనడిగితే, “ఒరేయ్, ఇనుముకేం కాదురా. ముసలైపోయేది రబ్బరు” అన్నాడు. పాత బండ్ల గురించి నేను విన్న మాటల్లో ఇంతకన్నా పనికొచ్చేది లేదు. గొట్టాలు, డయాఫ్రమ్‌లు, సీళ్లు, ఓ-రింగులు, వైర్ల మీది తొడుగులు... ఇంజిన్ చుట్టూ ఉండే ఈ మెత్తటి సరుకంతా పాతికేళ్లకు గట్టిపడి, పగిలి, కరిగి ఉంటుంది. గుండె దిట్టంగా ఉండి రక్తనాళాలు పూడుకుపోయిన మనిషి పరిస్థితి అది. అయినా చాలామంది చేయి ముందు ఇంజిన్ మీదికే పోతుంది, డబ్బూ అక్కడే పోతుంది.

ఈ బండ్లు ఇంత అగ్గువగా దొరకడానికి వెనక ఒక చరిత్ర ఉంది. క్లేటన్ జేకబ్‌సన్ అనే మోటోక్రాస్ పందేల అమెరికన్‌కు 1960లలో నీళ్ల మీద మోటార్‌సైకిల్ నడపాలన్న ఆలోచన వచ్చింది. కెనడాలోని బొంబార్డియర్ కంపెనీ 1968లో సీ-డూ పేరుతో కూర్చుని నడిపే బండి తెచ్చి, అది నిలబడక కొద్దికాలానికే ఆపేసింది. కవాసాకీ 1973లో నిలబడి నడిపే జెట్ స్కీని బజారులో పెట్టింది. ఆ పేరు ఆ కంపెనీదే అయినా జనం నోట అన్ని బండ్లూ జెట్ స్కీలే అయ్యాయి. ఇక్కడ నేనూ అలాగే వాడుతున్నాను. 1980ల రెండో సగంలో యమహా వేవ్‌రన్నర్ వచ్చింది, 1988లో సీ-డూ తిరిగొచ్చింది, పడవ నడపడం రానివాళ్లు కూడా ఎక్కి కూర్చోగల బండి దొరకడంతో 1990లలో అమెరికా చెరువులన్నీ వీటి రొదతో నిండిపోయాయి. అన్నీ టూ-స్ట్రోక్‌లే. తాగిన పెట్రోలులో దాదాపు పావు వంతు వరకు కాలకుండానే నీళ్లలో వదిలేవి. 1996లో అమెరికా పర్యావరణ సంస్థ కొత్త నిబంధనలు ప్రకటించి 2006 దాకా మెట్టుమెట్టుగా బిగించింది. 1999లో టాహో సరస్సులో కార్బురేటర్ టూ-స్ట్రోక్‌లను అడుగుపెట్టనివ్వడం మానేశారు. 2002 మోడళ్లతో ఫోర్-స్ట్రోక్ జెట్ స్కీలు దిగాయి. అంతే, అంతకుముందు లక్షల్లో తయారైన టూ-స్ట్రోక్ బండ్లు గరాజ్‌లకూ, టార్పాలిన్ల కిందికీ చేరాయి.

మన ఊళ్లలో ఆర్‌ఎక్స్ 100 నడిపినవాళ్లకు ఈ ఇంజిన్ పరాయిది కాదు. సిలిండర్ తలలో వాల్వులు లేవు, ప్రతి చుట్టుకూ ఒక పేలుడు, పెట్రోలుతోబాటు కాలే ఆయిల్, ప్లగ్గు నల్లబడితే విప్పి ఎమరీ కాగితంతో రుద్దడం... అన్నీ తెలిసినవే. తేడా ఒక్కచోట ఉంది, కష్టమంతా అక్కడే ఉంది. బైకు కార్బురేటర్‌లో పెట్రోలు నిలవుండే గిన్నె, అందులో తేలే ఫ్లోటు ఉంటాయి. బోల్తా కొట్టే బండికి గిన్నె పనికిరాదు. అందుకని జెట్ స్కీలకు గిన్నె లేని డయాఫ్రమ్ కార్బురేటర్ పెట్టారు. ఆ కాలపు బండ్లలో ఎక్కువవాటి కార్బురేటర్లు జపాన్ మికూనీ వాళ్లవి. పల్చటి రబ్బరు పొర ఒకటి లోపలికి పీల్చుకుని, చిన్న మీటను నొక్కి, ఆ మీట సూదిని లేపితే పెట్రోలు వస్తుంది. పెట్రోలును ట్యాంకు నుంచి లాగే పంపుకు మోటారు లేదు. క్రాంక్‌కేసులో పిస్టన్ కదలికకు పుట్టే గాలి పోటును సన్నటి గొట్టంతో తెచ్చి, ఇంకో రబ్బరు పొరను ఆడించి పంపు చేస్తారు. ఎంత తెలివైన ఏర్పాటో అంత సున్నితం. ఎక్కడ సూదిమొనంత గాలి దూరినా బండికి ఆయాసం మొదలవుతుంది.

పానా పట్టుకునే ముందు సీటు ఎత్తి ముక్కు పెట్టాలి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, మూసిన పడవ అడుగున చేరుతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. వాసన వస్తుంటే గాలి ఆడనిచ్చి, కారేచోటు పట్టుకునేదాకా సెల్ఫు జోలికి పోకూడదు. ఈ ఒక్క విషయంలో బావ ఎవరినీ నమ్మడు, నన్ను కూడా గరాజ్‌లో సిగరెట్ తాగే మనిషిని చూసినట్టే చూస్తాడు.

సెల్ఫు ‘టక్’మంటే ముందు బ్యాటరీ. చిన్న 12 వోల్టుల బ్యాటరీ, పందొమ్మిది ఆంపియర్-అవర్ల చుట్టుపక్కల. నిండుగా ఉంటే 12.6 వోల్టులు చూపించాలి. అసలు పరీక్ష సెల్ఫు కొట్టేటప్పుడు: అప్పుడు మీటరు పదికి బాగా దిగువకు పడిపోతే బ్యాటరీ పని అయిపోయినట్టే. బ్యాటరీ మంచిదైనా ‘టక్’ దగ్గరే ఆగితే, ఇంజిన్‌కు బిగించిన నెగెటివ్ తీగ మొదలు విప్పి చూడాలి. నీటి బండిలో ఎర్త్ పాడయ్యేంత మామూలుగా మరేదీ పాడవదు. తర్వాత సోలెనాయిడ్. స్టార్టర్ మోటారు కొనబోయేముందు ప్లగ్గులు విప్పి ఇంజిన్‌ను చేత్తో తిప్పి చూడటం మంచిది. ఇంపెల్లర్‌కు తాడు చుట్టుకున్నా, సిలిండర్‌లో నీళ్లు చేరినా ‘టక్’ చప్పుడే వస్తుంది. ఆ పరిస్థితిలో పదేపదే సెల్ఫు కొడితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. 1996 తర్వాతి చాలా సీ-డూలలో తాడు తాళం తగిలించగానే రెండు చిన్న బీపులు వినపడాలి. పడకపోతే గొడవ తాళం దగ్గరో, దాన్ని గుర్తుపట్టే ఎలక్ట్రానిక్ డబ్బా దగ్గరో ఉన్నట్టు.

ఇంజిన్ తిరుగుతోందని తేలాక కంప్రెషన్. దీనికి ముందు కార్బురేటర్ విప్పడం శుద్ధ దండగ. రెండు ప్లగ్గులూ తీసి, వాటి తీగలను ఎర్త్‌కు తగిలించి, ఆక్సిలేటర్ పూర్తిగా నొక్కిపట్టి, గేజీ ముల్లు ఇక పైకి ఎక్కనంతవరకు సెల్ఫు కొట్టాలి. ఆక్సిలేటర్ నొక్కకపోతే గాలి లోపలికి రాక అంకె తక్కువ చూపించి ఊరికే భయపెడుతుంది. ఈ తరం ఇంజిన్లు చాలావాటికి 150 పీఎస్‌ఐ దగ్గర్లో వస్తే ఆరోగ్యం. అంకె కన్నా ముఖ్యం రెండు సిలిండర్లకూ మధ్య తేడా. అది పది శాతం దాటితే అనుమానించాలి. ఒకటి 150, ఒకటి 90 వచ్చిందంటే ఇక కార్బురేటర్ మాట వద్దు, పిస్టన్ గీసుకుపోయింది, బోర్ కొట్టించాల్సిందే. బావ బండికి రెండువైపులా సమానంగా, నిండుగా వచ్చింది. “చెప్పానా” అన్నాడు.

స్పార్క్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కొత్త ప్లగ్గులు వేసి, లోహానికి ఆనించి చూస్తే నీలంగా, ‘చిట్’మని చప్పుడొచ్చేలా కొట్టాలి. అలా చూసేటప్పుడు ప్లగ్గును దాని రంధ్రానికి దూరంగా పట్టాలి, ఎందుకో పైన చెప్పాను. ప్లగ్గు క్యాప్ కింద తీగ కొన నల్లబడి ఉంటే కాస్త కత్తిరించి మళ్లీ ఎక్కించడం పైసా ఖర్చులేని వైద్యం. విప్పిన పాత ప్లగ్గులు మాత్రం పారేయకూడదు, అవి సాక్ష్యం. రెండూ తడిగా, నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. రెండూ పొడిగా తెల్లబారితే అందడం లేదు. ఒకటి తడి, ఒకటి పొడి అయితే ఒక్క సిలిండర్ వైపే తేడా ఉంది.

ఇక పెట్రోలు దారి. స్టార్టింగ్, ఐడ్లింగ్ జబ్బుల్లో పది బండ్లలో ఏ ఎనిమిదింటికో మూలం ఇక్కడే అంటాడు బావ. లెక్కకు ఆధారం అడగలేదు గానీ మాటలో నిజముంది. ట్యాంకులో గొట్టం, రిజర్వు మార్చే కాక్, నీరు వడకట్టే ఫిల్టర్ గిన్నె, గొట్టాలు, పంపు, కార్బురేటర్. కాక్ లోపల తుప్పు పేరుకుంటే చిన్న రేసులో బాగానే నడిచి పెద్ద రేసులో తిండి అందక పడిపోతుంది. ట్యాంకులోకి గాలి రానిచ్చే చిన్న వెంట్ వాల్వు పూడితే ఇంకో రకం వేషం వేస్తుంది: కొంతసేపు చక్కగా నడిచి ఆగుతుంది, కాసేపు ఉంచితే మళ్లీ నడుస్తుంది. అప్పుడు ట్యాంకు మూత తిప్పితే ‘ఉస్స్’మని గాలి లోపలికి పోతుంది. దొంగ దొరికినట్టే.

గొట్టాల సంగతి వేరు. పంపు పెట్రోలును పీల్చుకుంటుంది కాబట్టి పగిలిన గొట్టం బయటికి కారదు, గాలిని లోపలికి లాక్కుంటుంది. చుట్టూ ఎండుగా, శుభ్రంగా కనిపిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. 1990లలో కొన్ని బండ్లకు ఫ్యాక్టరీలోనే వేసిన బూడిదరంగు గొట్టాలు ఇంకో విధంగా పేరు పోగొట్టుకున్నాయి. పెట్రోలు తగిలి తగిలి వాటి లోపలి పొర కరిగి ఆకుపచ్చ జిగురైపోతుంది. ఆ జిగురు నేరుగా వెళ్లి కార్బురేటర్ లోపలుండే వేలి గోరంత జాలీ ఫిల్టర్‌లో కూర్చుంటుంది. అలాంటి గొట్టాలు కనబడితే ఒక్కటి కూడా మిగల్చకుండా మార్చాలి. కార్బురేటర్ మాత్రం శుభ్రం చేసి పాత గొట్టాలే తగిలిస్తే నెల తిరక్కుండా మళ్లీ అదే పని. గొట్టాలు మార్చేటప్పుడు ఫోనులో ఫోటో తీసుకోవాలి. సరఫరా గొట్టం, పెట్రోలు మిగిలితే ట్యాంకుకు తిరిగి పంపే గొట్టం, గాలిపోటు గొట్టం మూడూ చూపుకు ఒకేలా ఉంటాయి. తిరుగు గొట్టం తగిలేచోట సన్న రంధ్రం ఉన్న బిరడా ఉంటుంది. అది పోతే పెట్రోలంతా ట్యాంకుకే వెనక్కి పోయి ఇంజిన్ ఎండిపోతుంది.

కార్బురేటర్ విప్పడం నిదానం పని. మిక్చర్ స్క్రూలను తీసేముందు ఒక్కొక్కటీ లోపలికి మెల్లగా బిగిస్తూ అది ఎన్ని చుట్లకు ఆనిందో కాగితం మీద రాసుకోవాలి. ఈ చిన్న కాగితమే తర్వాత దిక్కు. డయాఫ్రమ్‌లు, పంపు లోపలి పల్చటి ఫ్లాపులు అన్నీ తీసి పక్కన పెట్టాకే క్లీనర్ స్ప్రే కొట్టాలి, లేదంటే ఆ మందే వాటిని చంపుతుంది. పైలట్ జెట్ రంధ్రం వెంట్రుక మందాన ఉంటుంది. థ్రాటిల్ పలక అంచు దగ్గర కొన్ని సన్నటి రంధ్రాలుంటాయి, స్లోలో ఇంజిన్ తాగేదంతా వాటిలోంచే. వాటిలో ఒకటి మూసుకున్నా ఐడ్లింగ్ పోతుంది. వాటిని తీగ పెట్టి పొడిస్తే మెత్తటి లోహం, రంధ్రం పెద్దదైపోతుంది. స్ప్రే, గాలి, ఓపిక తప్ప వేరే పనిముట్టు వాడకూడదు.

బావ బండి రహస్యం ఆ జాలీలో దొరికింది. మూత విప్పి వెలుతురుకు పట్టి చూస్తే అటువైపు ఏమీ కనబడలేదు. జిగురు, దుమ్ము కలిసి ఒక పొర. పంపు బాగానే పంపుతోంది, సూది బాగానే లేస్తోంది, కానీ ఆ పొరలోంచి పెట్రోలు చుక్కలుగా మాత్రమే రాగలుగుతోంది. చోక్ లాగితే గాలి తగ్గి ఆ చుక్కలే సరిపోయేవి, వదిలితే సరిపోయేవి కావు. “నాన్న బండికి కూడా ఇదేరా. బట్ట పెట్టి వడకట్టి పోయమంటే వినేవాడు కాదు” అన్నాడు బావ, జాలీని క్లీనర్‌లో ముంచుతూ.

అక్కడితో ఆపి బిగించేస్తే సగం పనే. సూది, దాని సీటు, స్ప్రింగు, డయాఫ్రమ్ కొత్తవి వేయాలి. ఇక్కడ పొదుపు మంచిది కాదు. పేరులేని కంపెనీల కిట్లు పావు ధరకు దొరుకుతాయి, వాటి రబ్బరు గట్టిగా ఉండి మీట సరిగా కదలదు. డబ్బు పెట్టదలచుకుంటే కార్బురేటర్ చేసిన కంపెనీ కిట్ మీదే పెట్టాలన్నది నా అభిప్రాయం, బావది కూడా. వేశాక పాప్-ఆఫ్ పరీక్ష: పెట్రోలు వచ్చే నాళానికి గేజీ ఉన్న చేతిపంపు తగిలించి, సూదిని కాస్త తడిపి, గాలి ఎక్కిస్తూ పోవాలి. మాన్యువల్ చెప్పిన ఒత్తిడి దగ్గర సూది ‘టప్’మని లేవాలి. అంతకు ముందే జారితే పెట్రోలు ఎక్కువై ప్లగ్గులు తడుస్తాయి, చాలా పైకి పోతే స్లోలో బండి ఎండిపోతుంది. ఇది చేయకుండా బిగించేవాళ్లే ఎక్కువ. వాళ్లే మళ్లీ విప్పేదీ.

ఐడ్లింగ్ దగ్గర జనం చేసే దుర్మార్గం ఒకటుంది. బండి స్లోలో నిలబడకపోతే స్క్రూడ్రైవర్ తీసుకుని ఐడిల్ స్క్రూను ఇంకో చుట్టు తిప్పుతారు. థ్రాటిల్ పలక కాస్త తెరుచుకుని బండి నిలబడుతుంది, జబ్బు నయమైందనుకుంటారు. పూడిన పైలట్ రంధ్రం పూడే ఉంది. మర్నాడు ఇంకో చుట్టు. పాత బండ్లు చేతులు మారేటప్పటికి చాలావాటి ఐడిల్ స్క్రూ లోపలిదాకా తిరిగి ఉండేది ఇందుకే. కార్బురేటర్ శుభ్రమయ్యాక అదే స్క్రూ ఉన్నచోటే ఉంటే ఇంజిన్ ఒక్కసారిగా అరుస్తుంది. అందుకని ముందు దాన్ని వెనక్కి తిప్పి మొదటినుంచి సర్దాలి.

ఎక్కడ సర్దాలన్నది ఇంకో చిక్కు. ట్రైలర్ మీద, నీళ్లకు పైన ఇంజిన్‌కు బరువు లేదు. సీ-డూ మాన్యువళ్లు ఆనాటి చాలా మోడళ్లకు నీళ్లలో 1500 ఆర్‌పీఎం, బయట 3000 అని రాస్తాయి. గరాజ్‌లో చెవికి ఇంపుగా 1500కు తగ్గించినవాడి బండి ర్యాంపు దిగగానే ఆగిపోతుంది. మొదట్లో చెప్పిన తమాషాలో సగం అదే. కనుక ట్రైలర్‌కు కట్టే ఉంచి, వెనకభాగం నీళ్లలో మునిగేలా దించి, పంపు కింద కనీసం మూడడుగుల నీరుండేలా చూసుకుని సర్దాలి. అంతకన్నా లోతు తక్కువైతే పంపు ఇసుక, గులకరాళ్లు పీల్చేస్తుంది. మంటను అడ్డుకునే జాలీ డబ్బాను కార్బురేటర్ మీద బిగించే సర్దాలి. అది తీసి సర్దితే మిక్చర్ తప్పు వస్తుంది, ఒక్క బ్యాక్‌ఫైర్‌కు గరాజ్ అంటుకుంటుంది.

రేసు ఇచ్చి వదిలాక ఇంజిన్ వెంటనే దిగకుండా పైనే వేలాడుతూ, ఆలోచించి ఆలోచించి దిగుతుంటే కార్బురేటర్‌ను ఎంత సర్దినా లాభం లేదు. ఎక్కడో గాలి దూరుతోంది: కార్బురేటర్ కింది ప్యాకింగో, క్రాంక్ చివర సీళ్లో. సీళ్లంటే మళ్లీ రబ్బరే. ఇంజిన్ నోళ్లు మూసి లోపల కొద్దిపాటి గాలి ఎక్కించి, ఒత్తిడి నిలుస్తుందో లేదో చూసే పరీక్షతో తేలిపోతుంది. తేలకుండా ఆ బండిని నీళ్లలో బాదడం ప్రమాదం. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అయిన టూ-స్ట్రోక్ చల్లబడదు. పూర్తి వేగంలో పిస్టన్ వేడెక్కి సిలిండర్‌కు అంటుకుపోతుంది. చోక్ కాస్త లాగితే బాగా నడుస్తోందని అలాగే చెరువంతా తిరిగేవాళ్లున్నారు. ఆ బండి ‘నాకు తిండి చాలడం లేదు’ అని చెబుతోంది. వినకపోతే వందల డాలర్ల కార్బురేటర్ పని వేల డాలర్ల ఇంజిన్ పనిగా మారుతుంది. ఇనుము పాడయ్యేది అప్పుడే, అదీ రబ్బరు పుణ్యమే.

బయట పరీక్షించేటప్పుడు తోట పైపు తగిలిస్తారు. వరస తప్పకూడదు: ముందు ఇంజిన్, వెంటనే నీళ్లు, ఆపేటప్పుడు ముందు నీళ్లు, కొన్ని సెకన్లకు ఇంజిన్. ఇంజిన్ ఆగివుండగా నీళ్లు వదిలితే తోసే పొగ ఉండదు కాబట్టి ఆ నీరు సైలెన్సర్ నిండి, వెనక్కి ఎక్కి సిలిండర్లలో చేరుతుంది. ఆగిపోయిన బండిని ఇంకో పడవతో వేగంగా లాక్కెళ్లినా ఇదే జరుగుతుంది. నెమ్మదిగా లాగాలి, లేదా చల్లబరిచే నీటి గొట్టాన్ని నొక్కిపట్టే క్లిప్ పెట్టాలి.

ఆయిల్ మీద వాదన ఎప్పటికీ తెగదు. ఈ బండ్లలో ఆయిల్‌ను విడిగా పంపే పంపు ఉంటుంది. దాని సన్నటి గొట్టాలు గట్టిపడి విరిగితే హెచ్చరిక లేకుండా పిస్టన్ పోతుంది. అందుకని పంపు పీకేసి, మన బంకుల్లో టూటీ ఆయిల్ కలిపినట్టు పెట్రోలులోనే కలుపుకునేవాళ్లు బోలెడు మంది. నాకైతే కొత్త గొట్టాలు వేసి పంపును ఉంచుకోవడమే మేలనిపిస్తుంది. కలపడం మరిచిన ఒక్కరోజు చాలు. పైగా సీ-డూలకు వాడే కొన్ని రోటాక్స్ ఇంజిన్లలో రోటరీ వాల్వు గేర్లకు ఆయిల్ వేరే గొట్టంలో పోతుంది. పంపు తీసేవాళ్లు కొందరు దాన్నీ మూసేస్తారు. నెలల తరబడి కదలని బండిలో ఆ గేర్ల సీలు అరిగితే ఆయిల్ క్రాంక్‌కేసులోకి జారుతుంది. వసంతంలో మొదటి స్టార్టుకు ఊరంతా పొగ, ప్లగ్గులు తడి. సీళ్లు మార్చే పని అది, ప్లగ్గులు కొనే పని కాదు.

వీటన్నిటి మీద ఇథనాల్ వచ్చి పడింది. అమెరికాలో మామూలు పెట్రోలులో పది శాతం దాకా ఉంటుంది, మన దేశంలో ఇప్పుడు ఇరవై. ఇథనాల్ తేమను పీలుస్తుంది. పట్టగలిగినంత పట్టి, దాటగానే నీళ్లతో కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతుంది. పెట్రోలు పీల్చే గొట్టం నోరు ఉండేదీ అడుగునే. ఉత్తరాది రాష్ట్రాల్లో లోపలి నీరు చలికి గడ్డకట్టుకుపోతుందని భయపడి శరదృతువులోనే ట్యాంకు చూసుకుని, ఫాగింగ్ ఆయిల్ కొట్టి, పద్ధతిగా పడుకోబెడతారు. టెక్సస్‌లో చలి తక్కువ కాబట్టి ఆ అలవాటు తక్కువ, సగం ట్యాంకుతో అలాగే వదిలేస్తారు. చెడిపోయిన పెట్రోలులో స్టెబిలైజర్ కలిపి లాభం లేదు, తాజాగా ఉన్నప్పుడే కలపాలి. విశాఖ రుషికొండ తీరంలో నడిచే బండ్లకు ఇథనాల్‌తోబాటు ఉప్పు కూడా తోడు. రోజూ సాయంత్రం మంచినీళ్లతో లోపల కడగకపోతే వాటి ఆయుష్షు మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు.

ఎప్పుడు వదులుకోవాలి? కంప్రెషన్ ఒకవైపు పడిపోయి, క్రాంక్ బేరింగులు చప్పుడు చేస్తూ, పడవ అడుగున పగుళ్లు కూడా ఉంటే మర్యాదగా విడిభాగాలకు అమ్మేయాలి. కంప్రెషన్ సమానంగా ఉన్న బండిని మాత్రం ‘స్టార్ట్ కాదు’ అన్న ఒక్క కారణంతో పారేయడం నాకు మనసొప్పదు. అమ్మకానికి పెట్టినవాటిలో అలాంటివే ఎక్కువ. కొనేముందు మీ సొంత గేజీ పట్టుకెళ్లండి. ఇంజిన్ చల్లగా ఉండాలని ముందే చెప్పండి. మీరొచ్చేసరికి వేడిగా ఉందంటే అమ్మేవాడు చల్లగా ఉన్నప్పుడు దాని అవస్థ మీకు చూపించదలచుకోలేదన్నమాట.

బావ పెట్రోలు గొట్టాలన్నీ మార్చాడు, కిట్ వేశాడు, ఐడిల్ స్క్రూ వెనక్కి తిప్పి ర్యాంపు మీద నీళ్లలో సర్దాడు. ఇప్పుడు బండి చోక్ లాగకపోయినా అందుకుంటోంది, ఆక్సిలేటర్ వదిలినా నిలబడుతోంది. ర్యాంపు దగ్గర దిగి వచ్చి సాయం కావాలా అని అడిగేవాళ్లు లేరు. అడిగితే వాళ్ల బండి సీటు ఎత్తించి చూడటానికి మనవాడే సిద్ధంగా ఉన్నాడు. ఆయిల్ పంపు గొట్టాలు మాత్రం ఇంకా పాతవే. కొత్తవి ఆర్డర్ పెట్టాడట, అవి వచ్చేదాకా అక్కయ్య లైఫ్ జాకెట్ తీసి దాచేసింది.